జకార్తాలో జనగణమన
ఆటస్థలమున జాతీయగీతము, రాజకీయ నిరసన: ఒక చారిత్రక పరిశీలనము

1962వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన ఇండొనేషియా రాజధానియైన జకార్తా నగరమున నాలుగవ ఆసియా క్రీడోత్సవముల ఫుట్‌బాలు తుదిపోటీ జరిగినది. భారత జట్టు దక్షిణ కొరియా జట్టును 2-1 గోల్సుతో ఓడించి బంగారు పతకమును గెలిచినది. ఇది క్రీడాభిమానులు తరచుగా చెప్పుకొను సంగతియే. అయితే ఆనాడు మన జాతీయగీతము మ్రోగుచుండగా క్రిక్కిరిసిన ఆ ప్రాంగణము కేకలతో, ఈలలతో దానిని ముంచివేసినదని ఎరిగినవారు తక్కువ. ఆ కేకలకు కారణమైన పని ఆటగాండ్రు చేసినది కాదు. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు హైదరాబాదు నగరమునకు చెందిన ఒక బడిపంతులు. ఈ రెండు విషయములే నన్ను ఈ వ్యాసరచనకు పురికొల్పినవి.

క్రీడలలోనికి రాజకీయములు చొరరాదను మాట వినుటకు ఇంపుగానే యుండును. కాని ఆటకు ముందు రెండు దేశముల జెండాల నెగురవేసి, రెండు గీతములను వాయించి, ఆటగాండ్రను వరుసగా నిలువబెట్టిన క్షణముననే రాజకీయము ఆ మైదానములోనికి అడుగు పెట్టినది. అట్లు అడుగు పెట్టిన రాజకీయమునకు మూల్యము చెల్లించువా రెవరన్నదే విచారింపవలసిన ప్రశ్న. చెల్లించునది సాధారణముగా ఆ వరుసలో నిలిచినవాడే. మాటలాడుట కవకాశములేనివాడును అతడే. జకార్తా వృత్తాంతమును ఈ దృష్టితో చదువవలెనని నా మనవి.

ముందుగా గీతమునుగూర్చి కొంత చెప్పవలసి యున్నది. ఏలయన దాని చరిత్రలో ఒక ఘట్టము మన తెలుగునేలమీదనే నడచినది. రవీంద్రనాథ ఠాకూరు రచించిన జనగణమన 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో మొదటిసారి పాడబడినది. 1919 ఫిబ్రవరి నెలాఖరున ఆ మహాకవి దక్షిణదేశ పర్యటనలో రాయలసీమలోని మదనపల్లెకు వచ్చి, అక్కడి దివ్యజ్ఞానసమాజమువారి కళాశాలలో కొన్ని దినములు విశ్రమించెను. కళాశాలాధ్యక్షుడు జేమ్సు కజిన్సు ఐర్లండు దేశీయుడు, కవి. ఆయన భార్య మార్గరెట్ కజిన్సు పాశ్చాత్య సంగీతమునందు శిక్షణ పొందిన విదుషి. ఒక సాయంకాలము విద్యార్థుల యెదుట ఠాకూరు తన పాటను స్వయముగా పాడి వినిపించెను. దాని స్వరములను మార్గరెట్ వ్రాసి పెట్టెను. ఆంగ్లానువాదమును కవి అక్కడనే చేసెను. నేడు బడిపిల్లలు పాడుచున్న బాణీకి స్థిరరూపము కలిగించుటలో మదనపల్లెకును వంతు కలదని మన మభిమానించుట తప్పు కాదు.

అభిమానించువారు మరియొక విషయమును గూడ జ్ఞప్తియం దుంచుకొనవలెను. ఠాకూరు మదనపల్లె విడిచిన నెలన్నరకే, ఏప్రిలు 13న, జలియనువాలాబాగులో కాల్పులు జరిగినవి. మే నెలాఖరున ఆయన తనకు బ్రిటిషు ప్రభుత్వ మొసగిన ‘సర్’ బిరుదమును త్యజించుచు రాజప్రతినిధికి లేఖ వ్రాసెను. మన జాతీయగీతకర్త స్వయముగా రాజకీయ నిరసన చేసినవాడు. బిరుదును తిరిగి యిచ్చివేయుట ఆ కాలమున అల్పమైన పని కాదు. ఆ గీతమునకు గౌరవము చూపుటయు, అధికారమునకు తలయొగ్గుటయు ఒక్కటే యని తలంచువారు ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చూతురు గాక.

1947లో న్యూయార్కున ఐక్యరాజ్యసమితి సమావేశమునందు మన ప్రతినిధివర్గమును జాతీయగీత మేదియని అడిగినప్పుడు, వారి చేత నున్నది జనగణమన గ్రామఫోను రికార్డు. దానినే వాద్యబృందమున కిచ్చిరి. ఈ సంగతి నెహ్రూ 1948 ఆగస్టు 25న రాజ్యాంగసభలో వివరించెను. 1950 జనవరి 24న అది అధికారికముగా జాతీయగీతమైనది.

గీతము రాకపూర్వము జెండా వచ్చినది. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశమున పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు సమర్పించిన పతాకము పలుమార్పులు పొంది 1931 నాటికి రాట్నముతో కూడిన త్రివర్ణపతాకమైనది. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత హాకీ జట్టు ఊరేగింపులో పట్టినది మాత్రము బ్రిటిషు ఇండియా జెండాయే. తుదిపోటీ ఆగస్టు 15న జర్మనీతో జరిగెను. అంతకు కొన్ని వారములకు ముందు సన్నాహపు పోటీలో అదే జర్మనీ జట్టు మనవారిని ఓడించి యుండుటచే ఆటగాండ్రు కలతచెంది యుండిరి. అప్పుడు జట్టు సహాయనిర్వాహకుడు పంకజ్ గుప్తా దుస్తులు మార్చుకొను గదిలో కాంగ్రెసు త్రివర్ణపతాకమును వెలికి తీసెను. ఆటగాండ్రు దానికి వందనము చేసి మైదానమునకు నడచిరి. 8-1 గోల్సుతో గెలిచిరి. ధ్యాన్‌చందు తన ఆత్మకథలో ఈ సంగతిని వ్రాసికొన్నాడు. బయట నొక జెండా, తలుపు మూసిన గదిలో నొక జెండా! భారత క్రీడాచరిత్రలో రాజకీయ నిరసనకు దీనిని తొలి యుదాహరణములలో ఒకటిగా నెంచవచ్చును. ఆ గదిలో తీసిన జెండా వంశవృక్షము వెదకినచో బెజవాడ కనబడును.

ఇక ప్రస్తుతమునకు వత్తము. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, ఉపాధ్యాయవృత్తి నవలంబించి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగుచోట్ల బడులలో పాఠములు చెప్పెను. తరువాత వ్యాయామవిద్యలో శిక్షణ పొందెను. ‘రహీం సాబు’ అని పిల్లలును పెద్దలును పిలుచు ఆయన కీర్తి హైదరాబాదు నగర పోలీసు జట్టుతో దేశమంతట వ్యాపించెను. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు ఆ జట్టు బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది. సంతోషు ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరములలో వెంటవెంట గెలిచినది.

ఆయన శిక్షణపద్ధతిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. వృత్తిధర్మమును బట్టి నాకిది రుచించు విషయము. బంతిని ఒక్కడే కాలితో ఆడించుకొనుచు పోరాదు, తాకిన వెంటనే తోడివాని కందింపవలెను అను నియమముతో ఆయన ప్రత్యేకముగా పోటీలు పెట్టించెను. ఎడమకాలు బలహీనమైనవాడు ఎడమకాలితోనే ఆడవలెనని మరియొక రకపు పోటీ. బలహీనమైన చోటును దాచిపెట్టనీయక దానితోనే పని చేయించుట మంచి ఉపాధ్యాయుని లక్షణము. అక్షరము గుండ్రముగా వ్రాయలేనివానిచేత ఆ అక్షరమునే నూరుమార్లు వ్రాయించినట్లు!

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణమున భారత జట్టు ఇరానును ఓడించి బంగారు పతకము గెలిచినది. 1956 మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందినది. ఆ నాలుగవ స్థానము గూడ రాజకీయపు గాలి వీచినవేళ లభించినదే. ఆ యేడు హంగరీలో సోవియట్ సేనలు ప్రవేశించుటకు నిరసనగా హాలండు, స్పెయిను, స్విట్జర్లండు దేశములును, సూయజు కాలువ యుద్ధమునకు నిరసనగా ఈజిప్టు, ఇరాకు, లెబనాను దేశములును ఒలింపిక్ క్రీడలను బహిష్కరించినవి. తైవాను చేరికకు కోపించి చైనా మానుకొన్నది. ఫుట్‌బాలులో భారతదేశమునకు తొలి ప్రత్యర్థి కావలసిన హంగరీ ఆ పోటీనుండి తప్పుకొనుటచే మనవారు ఆడకయే తరువాతి మెట్టెక్కిరి. పిమ్మట ఆస్ట్రేలియాను 4-2 గోల్సుతో ఓడించిరి. అందు మూడు గోల్సు నెవిల్ డిసౌజా ఒక్కడే చేసెను.

ఆ జట్టునందు హైదరాబాదు ఆటగాండ్రు పలువురు కలరు: అజీజుద్దీను, నూరు మహమ్మదు, అహమ్మదు హుస్సేను, జుల్ఫికరుద్దీను, తులసీదాసు బలరాం మొదలగువారు. సరిహద్దుజిల్లావారికి అనుభవైకవేద్యమైన ఒక విశేషము వీరి విషయమున కలదు. వీరు ఆట నేర్చుకొన్నది హైదరాబాదు రాజ్యమున. 1956 నవంబరు 1న ఆ రాజ్యము పేరు లేకుండ పోయినది. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశములో చేరినవి. ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైనది నవంబరు 22న. మూడు వారముల వ్యవధిలో వారి కాళ్లక్రింది నేలకు పేరు మారినది. కాళ్లలోని ఆట మారలేదు. మన బళ్లారి తాలూకా 1953లో న్యాయమూర్తి మిశ్రాగారి విచారణానంతరము అక్టోబరు 1న మైసూరు రాజ్యమున చేరినప్పుడు, ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రరాష్ట్రమునకు పోయినప్పుడు, ఇక్కడివారి యనుభవము నిట్టిదే. రాజ్యములు గీతలు గీయును. మనుష్యులు ఆ గీతల కిరువైపుల బంధువులై మిగులుదురు. రహీం తెలుగువాడా, ఉర్దూవాడా యని వాదించు మిత్రులున్నారు. కాచిగూడ బడిలో పాఠము చెప్పినవాడు మనవాడు కాక మరెవ్వరివాడు?

1962 నాటికి రహీంను క్యాన్సరు వ్యాధి పట్టుకొన్నది. అట్లుండియు జట్టును సిద్ధము చేసి జకార్తాకు తీసికొనిపోయెను. చునీ గోస్వామి నాయకుడు. హైదరాబాదు గడ్డకు చెందిన బలరాం, యూసుఫ్ ఖాను, అఫ్జల్ ఆ జట్టులో నుండిరి. గోలుకాపరి పీటర్ తంగరాజు పుట్టినదియు హైదరాబాదుననే. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా మనవారిని 2-0 గోల్సుతో ఓడించినది. తరువాత థాయిలాండు, జపాను జట్లపై గెలిచి, పూర్వాంత్య పోటీలో దక్షిణ వియత్నామును 3-2 గోల్సుతో దాటి, తుదిపోటీలో మరల అదే కొరియాను ఎదుర్కొనవలసి వచ్చినది.

ఈలోగా మైదానము వెలుపల మరియొక పోరాటము ముదిరినది. ఆతిథ్యమిచ్చిన ఇండొనేషియా ప్రభుత్వము ఇజ్రాయేలు, తైవాను క్రీడాకారులకు దేశప్రవేశము కల్పింపలేదు. అరబ్బు దేశముల మైత్రియు, కమ్యూనిస్టు చైనాతో నున్న స్నేహమును అందుకు కారణములు. ఇది ఆసియా క్రీడాసమాఖ్య నియమములకు విరుద్ధమని గురుదత్త సోంధీ అభ్యంతరము చెప్పెను. సోంధీ సామాన్యుడు కాడు. లాహోరు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా పనిచేసినవాడు. ఆసియా దేశములకు ప్రత్యేకముగా క్రీడోత్సవములు ఉండవలెనను భావమునకు మూలపురుషులలో ఒకడు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘ సభ్యుడు. సభ్యదేశములను కొన్నింటిని వెలుపల నుంచి జరుపు పోటీలకు ఆసియా క్రీడలను పేరు చెల్లదని, వేరుపేరు పెట్టుకొనవలెనని ఆయన వాదము.

ఆ వాదము జకార్తా పత్రికలలో భారతదేశము ఇండొనేషియాకు చేసిన అవమానముగా మారినది. సోంధీ మాటలాడినది సమాఖ్య పదవిలో నున్నవాడుగా; జనము విన్నది భారతీయుడుగా. సెప్టెంబరు 3న వేలకొలది జనము భారత రాయబార కార్యాలయముపై బడి విధ్వంసము చేసిరి. సోంధీ దేశము విడిచి పోవలసి వచ్చెను. మరునాడే ఫుట్‌బాలు తుదిపోటీ.

ఆ దినమున మన ఆటగాండ్రు ఎట్లు మైదానమునకు చేరిరో వారే తరువాతి కాలమున పలుమార్లు చెప్పియున్నారు. ఎక్కిన బస్సుపై మన జెండా కనబడకుండ జాగ్రత్తపడిరట. తలపాగా ధరించిన జర్నయిల్ సింగును చూచినంతనే ఇది భారత జట్టని జనము గుర్తుపట్టుదురను భయమున అతనిని కిటికీకి కనబడకుండ క్రిందికి వంగి కూర్చుండుమనిరట. ఒక దేశపు ప్రతినిధిగా వచ్చినవాడు ఆ దేశపు గుర్తులను దాచుకొనుచు మైదానమునకు పోవలసి వచ్చుట! బెర్లినులో మూసిన గదిలో జెండాను వెలికి తీసిన ఆటగాండ్రకును, జకార్తాలో బస్సులో జెండాను మరుగుపరచిన ఆటగాండ్రకును నడుమ ఇరువదియారేండ్ల దూరము. ఆ నడుమ దేశము స్వతంత్రమైనది గాని, ఆటగాని వీపుపై ప్రభుత్వముల బరువు తగ్గలేదు.

గీతము మ్రోగినప్పుడు జరిగినది మొదటనే చెప్పితిని. పాట వినబడలేదు. వినబడని పాటకు ఆటగాండ్రు కదలక నిలిచిరి. ఆనాటి మొత్తము కథలో నాకు అన్నిటికంటె గొప్పగా తోచునది ఈ నిలుచుటయే. వారు ప్రతిగా కేకలు వేయలేదు. వరుస చెదరి పోలేదు. సోంధీ చేసినది ఒప్పా తప్పా యని వారి నెవ్వరు నడుగలేదు. ఆయన వాక్కునకు వారు బాధ్యులు కారు. అయినను ఆ వాక్కునకు వచ్చిన ప్రత్యుత్తరము పడినది వారి చెవులలోనే.

ఆట విషయమున రహీం చేసిన మార్పులు సాహసోపేతములు. జర్నయిల్ సింగు వెనుకవరుస రక్షకుడు. థాయిలాండుతో నాడిన పోటీలో నుదురు పగిలి కుట్లు పడినవి. అట్టివానిని ముందువరుసలో నడిమి దాడికానిగా నిలిపెను. జ్వరపడి లేచిన తంగరాజును గోలువద్ద నిలువబెట్టెను. మొదటి ఇరువది నిమిషములలోనే పి.కె. బెనర్జీ ఒక గోలు, కుట్ల నుదురుతోనే జర్నయిల్ సింగు మరియొక గోలు చేసిరి. కొరియావారు ఆట ముగియబోవు సమయమున ఒక గోలు తీర్చిరి. అంతకు మించి సాగలేదు. ముందురాత్రి రహీం ఆటగాండ్రను పిలిచి, తన కొక కానుక కావలెనని, అది ఈ బంగారు పతకమేనని కోరెనని చునీ గోస్వామి మొదలగువారు చెప్పుచు వచ్చిరి. తొమ్మిది నెలలకు, 1963 జూను 11న, రహీం మరణించెను. అటుపిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశమునకు బంగారు పతకము రాలేదు.

ప్రేక్షకులలో మనవారి పక్షమున గొంతెత్తినవా రెవరో పాఠకులు ఊహింపలేరు: పాకిస్తాను హాకీ జట్టువారు. హాకీ తుదిపోటీలో భారత జట్టును ఓడించి బంగారు పతకము గెలుచుకొన్న ఆ జట్టే ఫుట్‌బాలు పోటీకి వచ్చి మన ఆటగాండ్రను ప్రోత్సహించినదని మన ఆటగాండ్రే కృతజ్ఞతతో చెప్పుకొన్నారు. ప్రభుత్వముల లెక్కలు ఒకటి, ఆటగాండ్ర లెక్కలు వేరొకటి.

సోంధీని గూర్చి నా యభిప్రాయము దాచను. ఆయన చెప్పినది నియమమునకు తగినమాట. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమును 1963లో ఇండొనేషియాను బహిష్కరించి ఆయన వాదమునకే బలము చేకూర్చినది. సుకర్ణో ప్రభుత్వము అందుకు ప్రతిగా అదే సంవత్సరము నవంబరులో నూతనోదయ దేశముల క్రీడలను పేర వేరొక ఉత్సవమును జకార్తాలోనే జరిపినది. అయినను న్యాయమైన నిరసన గూడ దాని మూల్యమును ఎవరిచేత చెల్లించుచున్నదో చూచుకొనవలెను. సోంధీ మాటకు కష్టపడినవాడు సోంధీ కొంతవరకు. బస్సులో వంగి కూర్చున్న జర్నయిల్ సింగు అంతకంటె నెక్కువ.

దీనికి సరిగా ఎదురైనవి ఆటగాండ్రు తామై పూనుకొని, తామే మూల్యము చెల్లించిన నిరసనలు. వానిలో అల్జీరియావారి కథ ఉత్తమమైనది. 1958 ఏప్రిలులో, ఫ్రాన్సు దేశపు పెద్దజట్లలో ఆడుచున్న అల్జీరియా ఆటగాండ్రు పలువురు రహస్యముగా ఆ దేశము విడిచి ట్యూనిసు చేరి, స్వాతంత్ర్యపోరాటము నడుపుచున్న జాతీయవిమోచన సంస్థ పేర ఒక జట్టుగా నేర్పడిరి. ముస్తఫా జితూనీ, రషీద్ మెఖ్లూఫీ ఇరువురును ఆ వేసవిలో ఫ్రాన్సు పక్షమున ప్రపంచకప్పు ఆడదగినవారు. ఆ గౌరవమును, జీతమును, భద్రతను వదలుకొని, లేని దేశమునకు ఆడుటకు పోయిరి. వారితో నాడిన జట్లను శిక్షింతుమని అంతర్జాతీయ ఫుట్‌బాలు సమాఖ్య బెదరించినను వారు దేశదేశములు తిరిగి, పుట్టబోవు దేశపు జెండాను, గీతమును ముందుగానే వినిపించిరి. జకార్తా క్రీడలకు రెండు నెలలైనను ముందుగాక, 1962 జూలై 5న అల్జీరియా స్వతంత్రమైనది.

మిగిలినవానిని త్వరగా దాటుదును. 1938 మే నెలలో బెర్లినున ఇంగ్లండు జట్టుచేత జర్మను గీతము మ్రోగునప్పుడు నాజీ వందనము చేయించిరి. చేయించినవారు దౌత్యాధికారులు, సిగ్గు మిగిలినది ఆటగాండ్రకు. 1968లో మెక్సికోన నల్లజాతి పరుగువీరులు టామీ స్మిత్, జాన్ కార్లోసు గీతము మ్రోగుచుండగా నల్లతొడుగుల పిడికిళ్లు పైకెత్తి క్రీడలనుండి వెళ్లగొట్టబడిరి. 2016లో అమెరికా మహిళా ఫుట్‌బాలు క్రీడాకారిణి మేగన్ రాపినో గీతమునకు మోకాలిపై వంగగా, ఆ దేశపు సమాఖ్య అందరును నిలువవలెనని మరుసటి యేడు నియమము చేసి, 2020లో దానిని రద్దుచేసుకొన్నది. 2022 నవంబరు 21న ఖతరున ఇరాను ఆటగాండ్రు తమ గీతము మ్రోగుచుండగా పెదవి విప్పలేదు. స్వదేశమున స్త్రీలు నడుపుచున్న ఉద్యమమునకు అది సంఘీభావమని లోకమంతయు గ్రహించినది. నాలుగు దినములకు వేల్సుతో ఆడునప్పుడు పాడిరి. ఆ నాలుగు దినములలో వారి మనస్సులలో ఏమి జరిగినదో వారికే తెలియవలెను. పాడినందుకు కొందరు, పాడనందుకు కొందరు వారిని నిందించిరి.

మన రాష్ట్ర రాజధానియగు బెంగుళూరుననే 2023 జూలై 4న దక్షిణాసియా పోటీల తుదిపోటీలో కువైటుపై గెలిచిన పిమ్మట మణిపూరు యువకుడు జీక్సన్ సింగు ఏడు రంగుల మైతేయీ జెండాను భుజములపై కప్పుకొని పతకము నందుకొన్నాడు. ఆ మే నెల మొదలు మణిపూరు తగులబడుచున్నది. ఎవరి మనస్సును నొప్పించుట తన యుద్దేశము కాదని, తన రాష్ట్రమున శాంతి కావలెనని మాత్రమే కోరితినని అతడు చెప్పినాడు. జాతీయజట్టు దుస్తులపై అన్యపతాకమా యని విమర్శించినవారు పెక్కురు. ప్రపంచకప్పు పోటీలలో ఏ వయస్సు విభాగమునందైనను భారతదేశము పక్షమున తొలిగోలు చేసినవాడు ఈ జీక్సనే. 2017లో పదునేడేండ్ల లోపువారి పోటీలలో కొలంబియాపై ఆ గోలు చేసినాడు. అతని దేశభక్తికి ఇంకేమి సాక్ష్యము కావలెనో నాకు తెలియదు.

ఈ సందర్భమున ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టునకు వెళ్లిన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డిగారి తీర్పు నొకదానిని ఉపాధ్యాయులందరు తెలిసికొనవలసి యున్నది. కేరళలో ముగ్గురు బడిపిల్లలు తమ మతవిశ్వాసమును బట్టి ప్రతిదినము జనగణమనకు గౌరవముగా లేచి నిలిచెడివారు గాని పాడెడివారు కారు. 1985లో వారిని బడినుండి తొలగించిరి. 1986 ఆగస్టు 11న చిన్నప్పరెడ్డిగారి ధర్మాసనము ఆ తొలగింపు చెల్లదని తీర్పు చెప్పినది. గౌరవముగా నిలిచి మౌనము వహించుట అవమానము కాదని, పాడితీరవలెనని నిర్బంధించు చట్టమేదియు లేదని దాని సారము. 1971 నాటి జాతీయగౌరవ పరిరక్షణచట్టమును చదివినచో ఇందలి సూక్ష్మము మరింత స్పష్టమగును. గీతమును పాడనీయకుండ అడ్డుకొనుట, పాడుచున్న సభను అల్లకల్లోలము చేయుట నేరములు. నోరు విప్పకుండుట నేరము కాదు. ఈ తులతో తూచినచో, జకార్తాలో కేకలు వేసిన జనసమూహము చేసినది మన చట్టదృష్టితో తప్పు. ఖతరులో పెదవి విప్పని ఆటగాండ్రు చేసినది తప్పు కాదు. గీతమును చంపునది మౌనము కాదు, గోల. ఈ భేదమును గుర్తింపని పెద్దలు బడులలోను, సభలలోను తరచుగా కనబడుదురు.

మా వంటి అల్పసంఖ్యాక భాషాపాఠశాలలలో ఈ విషయము పుస్తకములకు పరిమితమైనది కాదు. ఉదయము వరుసలో మా పిల్లలు కువెంపు రచించిన నాడగీతమును పాడుదురు. 2004లో కర్ణాటక ప్రభుత్వము దానిని రాష్ట్రగీతముగా స్వీకరించినది. పిమ్మట జనగణమన. ఉగాది వచ్చినప్పుడు శంకరంబాడి సుందరాచార్యులవారి ‘మా తెలుగు తల్లికి’ పాడుదురు. యాబది కిలోమీటర్ల దూరములోని గుంతకల్లులో వారి మేనత్తపిల్లలు నాడగీతము నెరుగరు. మా పిల్లలు దానిని కన్నడపు ఉచ్చారణ చెడకుండ పాడుదురు. అది నాకు గర్వకారణము. ఒకానొక అధికారి తనిఖీకి వచ్చి, తెలుగుబడి పిల్లలు నాడగీతమును మనసారా పాడుచున్నారా లేక పెదవులు కదపుచున్నారా యని వరుస ప్రక్కగా నడచుచు చెవియొగ్గి విన్నాడు. నాల్గవతరగతి పిల్లవాడొకడు భయముతో పల్లవి మరచిపోయెను. వాని తండ్రి తోరణగల్లు ఉక్కు కర్మాగారమున పనిచేయును, తల్లిది ఆదోని, ఇంట కన్నడమును తెలుగును కలగలిపి మాటలాడుదురు. వాని నెవరిపక్షమున లెక్కింపవలెనో ఆ అధికారి నిర్ణయింపలేదు, నేను నిర్ణయింపలేదు.

ఆ పిల్లవానికి ఫుట్‌బాలనిన ప్రాణము. తోరణగల్లు సమీపమున 2018లో ప్రారంభమైన క్రీడాశిక్షణసంస్థలో చేరవలెనని వాని కోరిక. రహీం కథ నేను తరగతిలో చెప్పినప్పుడు వాడడిగిన ప్రశ్న ఒక్కటే: పాట వినబడనప్పుడు, అది ముగిసినదని ఆటగాండ్రకు ఎట్లు తెలిసినది? జనగణమన పాడుటకు ఏబదిరెండు క్షణములు పట్టునని, పాడి పాడి అలవాటైనవారికి ఆ లెక్క మనస్సులోనే నడచునని చెప్పితిని. వాడు కన్నులు మూసికొని, పెదవి కదపక, వ్రేళ్లు మడచుచు లెక్కింప మొదలిడెను.